మూలన పడ్డ హార్డ్ డిస్క్ నుంచి పాత ఫైళ్ళు తీసుకోవడం ఎలా: విండోస్ ఫార్మాట్ చేయమంటే వద్దనండి

ఇంట్లో మూలన పడి ఉన్న పాత సీపీయూని తుక్కుకి వేసేముందు పక్క రేకు విప్పి హార్డ్ డిస్క్ ఒక్కటీ బయటికి తీసి పెట్టుకోండి. సిస్టమ్ ఆన్ కావట్లేదంటే పోయింది ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) కావచ్చు, మదర్‌బోర్డ్ కావచ్చు, డిస్క్‌కి ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఎప్పుడో 2005లో అసెంబుల్ చేయించిన డబ్బా పూర్తిగా చచ్చిపోయినా, అందులో అక్క పెళ్ళి ఫోటోలు, నాన్నగారు టైప్ చేయించుకున్న కాగితాలు, షాపు ట్యాలీ లెక్కలు అలాగే ఉండే అవకాశం బాగా ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ డిస్క్ తగిలించి చదవడం పెద్ద విద్యేమీ కాదు. కానీ ఒక్కటి మాత్రం ముందే చెప్తాను, మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు: ఫైళ్ళన్నీ బయటికి వచ్చేదాకా పాత డిస్క్‌ని చదవడమే, దాని మీద ఏదీ రాయకూడదు. మధ్యలో విండోస్ ఫార్మాట్ చేయమంటారా, రిపేర్ చేయమంటారా, ఇనీషియలైజ్ (కొత్త డిస్క్‌లా మొదటినుంచి సిద్ధం) చేయమంటారా అని అడుగుతూ ఉంటుంది. అన్నిటికీ వద్దనే చెప్పండి.

ముందు మీ దగ్గరున్న డిస్క్ ఏ రకమో చూసుకోండి. వెనకవైపు రెండు వరుసల్లో సన్నటి పిన్నులు, వాటి పక్కన నాలుగు లావు పిన్నుల పవర్ సాకెట్ ఉంటే అది ఐడీఈ. పిన్నులేమీ బయటికి కనిపించకుండా ఎల్ ఆకారంలో రెండు పలుచటి పట్టీలు ఉంటే అది సాటా. సాటా డిస్కులు 2003లో వచ్చాయి, కానీ ఆ తర్వాత కొన్నేళ్ళు కూడా మన దగ్గర అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో ఐడీఈ మామూలే. ఐడీఈలో నలభై పిన్నులకి నడిమధ్యన ఒకటి లేకపోతే విరిగిపోయిందని టెన్షన్ పడొద్దు, కేబుల్‌ని తిరగేసి గుచ్చకుండా ఆ ఒక్క పిన్నునీ కావాలనే వదిలేస్తారు. ఇక సైజు. డెస్క్‌టాప్ డిస్క్ 3.5 అంగుళాలది, దానికి 12 వోల్టులూ 5 వోల్టులూ రెండూ కావాలి. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులే కాబట్టి, గోడ సాకెట్‌లో పెట్టే పవర్ అడాప్టర్ లేకుండా అది తిరగనే తిరగదు. ల్యాప్‌టాప్‌లలోని 2.5 అంగుళాల డిస్కులకి ఆ 5 వోల్టులు చాలు, మామూలుగా యూఎస్‌బీ కేబుల్ ఒక్కటే సరిపోతుంది. బాగా పాత ల్యాప్‌టాప్ అయితే 44 పిన్నుల చిన్న ఐడీఈ ఉంటుంది, అందులో పవర్ కూడా ఆ పిన్నుల్లోంచే వెళ్తుంది.

కొనాల్సిన వస్తువు ఒక్కటే. సాటా డిస్క్ అయితే సాటా టు యూఎస్‌బీ కేబుల్, ఐడీఈ అయితే ఐడీఈ, సాటా రెండూ పట్టే కన్వర్టర్. హైదరాబాద్‌లో ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనేదానికి వెళ్ళడం నాకు తెలిసినంతలో మంచి పని, ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. కోఠీ దగ్గర్లో ఉండేవాళ్ళు గుజరాతీ గల్లీలో అడగొచ్చు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి కానీ ఐడీఈ ది కొనేటప్పుడు షాపులో ఎదురుగా పెట్టి చూసుకోవడమే నయం. అడిగేటప్పుడు పూర్తిగా అడగండి: "అన్నా, సాటా టు యూఎస్‌బీ ఇయ్యి, 3.5 హార్డ్ డిస్క్‌కి, పవర్ అడాప్టర్‌తో సహా కావాలె." ఈ చివరి ముక్క చెప్పకపోతే 2.5కి పనికొచ్చే ఉత్త కేబుల్ చేతిలో పెడతారు, ఇంటికొచ్చి తగిలిస్తే డిస్క్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది, అది పోయిందని మీరు అనుకుంటారు. పనిచేస్తుందో లేదో చూపించమంటే షాపులో ఉన్న వేరే డిస్క్‌తో చూపించమనండి, మీది మాత్రం వాళ్ళ సిస్టమ్‌కి తగిలించనివ్వకండి, పదిమంది పెన్ డ్రైవ్‌లు పెట్టే ఆ సిస్టమ్‌లో ఏ వైరస్ ఉందో ఎవరికి తెలుసు. డిస్క్‌ని వెంట తీసుకెళ్ళాల్సి వస్తే మందపాటి టవల్‌లో చుట్టి బ్యాగ్‌లో పెట్టుకోండి, బండి డిక్కీలో ఊరికే పడేస్తే మన రోడ్ల గుంతలకి లోపల ఎగిరెగిరి పడుతుంది.

ఐడీఈ డిస్క్‌కి ఇంకో చిన్న పని ఉంది. వెనక పిన్నుల మీద గోరంత ప్లాస్టిక్ టోపీ ఒకటి ఉంటుంది, దాన్ని జంపర్ అంటారు. అది స్లేవ్‌లో, అంటే రెండో డిస్క్ స్థానంలో, ఉంటే చాలా కన్వర్టర్లు డిస్క్‌ని గుర్తించవు. డిస్క్ పైన అంటించిన లేబుల్ మీదే మాస్టర్‌కి, అంటే మొదటి డిస్క్‌కి, జంపర్ ఎక్కడ ఉండాలో బొమ్మ వేసి ఉంటుంది, దాని ప్రకారం పెట్టండి. వెస్ట్రన్ డిజిటల్ వాటిలో ఒక్క డిస్కే ఉన్నప్పుడు జంపర్ పూర్తిగా తీసేయమని రాసి ఉంటుంది, అదీ లేబుల్ మీదే చూసుకోండి.

పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ యూఎస్‌బీ పోర్టు ఊడిపోయిందని పైన డబ్బా పగలగొట్టి లోపలి డిస్క్ తీయాలనుకునేవాళ్ళు కాస్త ఆగండి. వెస్ట్రన్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా మోడళ్ళలో యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, లోపల సాటా సాకెట్ ఉండదు, పైగా డేటాని ఆ బోర్డే ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య కోడ్‌లోకి మార్చి) పెడుతుంది. వాటికి ఆ పోర్టునే బాగు చేయించాలి.

ఇప్పుడు తగిలించడం. డిస్క్‌ని గట్టి టేబుల్ మీద, కింద ఒక పుస్తకమో అట్టో పెట్టి, బల్లపరుపుగా పడుకోబెట్టండి. మంచం మీద వద్దు, ఒళ్ళో అసలే వద్దు. ముందు డేటా కేబుల్ డిస్క్‌కి పెట్టి, తర్వాత పవర్ పెట్టి, డిస్క్ తిరగడం మొదలైందని చెవికి తెలిశాక అప్పుడు యూఎస్‌బీని కంప్యూటర్‌కి గుచ్చండి. పవర్ ఉన్నంతసేపూ దాన్ని కదపకండి, తిరిగే పళ్ళేనికి వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో డేటా చదివే హెడ్ తేలుతూ ఉంటుంది, చిన్న కుదుపుకి గీసుకుపోయిందంటే ఆ గీత పడ్డ చోట ఉన్న ఫైలు ఇక ఎవరూ తీయలేరు. కరెంటు వస్తూ పోతూ ఉండే వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు, యూపీఎస్ ఉంటే అడాప్టర్‌ని దానికే పెట్టండి.

మొదటి అర నిమిషం స్క్రీన్ వైపు కాదు, డిస్క్ వైపు చెవి పెట్టండి. సన్నగా గుయ్‌మని మొదలై ఒక స్థాయికి వచ్చి నిలిచిపోతే బాగున్నట్టే. టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటే వెంటనే పవర్ తీసేయండి. బీప్ బీప్‌మని సన్నగా మోగుతూ తిరగకుండా ఉన్నా అంతే, హెడ్ పళ్ళేనికి అతుక్కుపోయి మోటారు తిరగలేక అవస్థ పడుతూ ఉండొచ్చు. ఇంకోసారి చూద్దాం, మళ్ళీ చూద్దాం అని ఆన్ చేసిన ప్రతిసారీ ఉన్నది కూడా పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని, మెల్లగా కొడితే తిరుగుతుందని చెప్పేవాళ్ళు ఉంటారు, దయచేసి వినకండి. ఇలాంటి డిస్క్ సంగతి కింద చెప్తాను.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు సాటా డిస్క్‌ని కన్వర్టర్ లేకుండా నేరుగా మదర్‌బోర్డ్‌కే పెట్టుకోవచ్చు, ఇది ఇంకా నిలకడగా పనిచేస్తుంది. అయితే సిస్టమ్ ఆన్ చేయగానే బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్ళి కొత్త డిస్కే ముందు బూట్ అయ్యేలా చూసుకోండి, లేకపోతే పాత డిస్క్‌లోని విండోస్ లేచి కూర్చుని కొత్త హార్డ్‌వేర్ చూసి ఏవేవో రాయడం మొదలుపెడుతుంది.

యూఎస్‌బీ పెట్టగానే దిస్ పీసీ (This PC) అనే విండోలో ఒకటి కాదు, మూడు నాలుగు డ్రైవ్‌లు కనిపించొచ్చు. మనవాళ్ళు సిస్టమ్ అసెంబుల్ చేసేటప్పుడే సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇచ్చేవాళ్ళు కదా, అవే ఇప్పుడు వేరే అక్షరాలతో వస్తాయి. పాత డి డ్రైవ్ ఇప్పుడు జి కావచ్చు, కంగారు పడకుండా ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఏమీ కనిపించకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ అక్కడ ఉండి, అక్షరం మాత్రమే లేకపోతే రైట్ క్లిక్ చేసి అక్షరం ఇస్తే సరి. రా (RAW, అంటే డిస్క్ లోపలి అమరికని విండోస్ గుర్తించలేకపోతోందని) అని చూపిస్తున్నా, ఫార్మాట్ చేస్తేనే వాడగలరు అంటున్నా, ఇనీషియలైజ్ చేయండి అంటూ పెట్టె వచ్చినా క్యాన్సిల్ కొట్టి బయటికి రండి. డ్రైవ్‌లో తప్పులున్నాయి, స్కాన్ చేసి సరిచేయమంటారా అన్నా కూడా ఇప్పుడే వద్దు. ఆ సరిచేయడం అంటే డిస్క్ మీద రాయడమే, బలహీనపడ్డ డిస్క్‌లో చెక్‌డిస్క్ (విండోస్‌లో ఆ సరిచేసే ప్రోగ్రామ్) నడిపితే బతికున్న ఫోల్డర్లు ముక్కలు ముక్కలై పేరు లేని ఫైళ్ళుగా మారిపోవచ్చు.

కాపీ మొదలుపెట్టే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ కొత్త కంప్యూటర్‌లో వేసుకుని డిస్క్ ఆరోగ్యం ఒకసారి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడై పక్కన పెట్టేసిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టర్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్న చోట్లు) అనే రెండు వరుసలు చాలు. పెండింగ్ వరుసలో రా వాల్యూస్ (Raw Values) దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్క్‌ని అనుమానంగానే చూడాలి. కొన్ని కన్వర్టర్లు ఈ వివరాలు పంపవు, అప్పుడు వదిలేసి ముందుకెళ్ళండి.

ఏది ముందు కాపీ చేయాలన్నది చాలా ముఖ్యం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మొత్తం డ్రైవ్ సెలెక్ట్ చేసి ఒకేసారి కాపీ పెట్టేస్తారు, ముందు పాత సినిమాలు, ఎంపీ3 పాటలు గంటసేపు కాపీ అవుతాయి, ఆ తర్వాత డిస్క్ ఆగిపోతే మళ్ళీ ఎక్కడా దొరకని ఫోటోలు అందులోనే ఉండిపోతాయి. అందుకే చిన్నవి, మళ్ళీ దొరకనివి ముందు. కాగితాలు, లెక్కలు, తర్వాత ఇంట్లోవాళ్ళ ఫోటోలు, తర్వాత ఇంటి వీడియోలు. సినిమాలూ పాటలూ చివర్న, ఓపిక ఉంటే. ఏదైనా ఒక ఫైలు దగ్గర కాపీ కదలకుండా నిలబడితే స్కిప్ కొట్టి ముందుకు పోండి, ఆ ఒక్కదాని కోసం ట్రై ఎగైన్ కొడుతూ కూర్చుంటే డిస్క్ ఆయుష్షు దానికే అయిపోతుంది. కాపీ ఎప్పుడూ కొత్త కంప్యూటర్‌లోకో వేరే మంచి డిస్క్‌లోకో చేయండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా అందులోకి వెళ్ళదు, పెళ్ళి వీడియోలు అక్కడే ఆగిపోతాయి.

ఎక్కడ వెతకాలి అంటే, ఎక్స్‌పీ డిస్క్ అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డర్‌లో, విస్టా, విండోస్ 7, ఆ తర్వాతవి అయితే యూజర్స్ ఫోల్డర్‌లో, మీ పేరు మీద ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి కూడా అందులోనే. ఫోల్డర్ తెరవబోతే మీకు పర్మిషన్ లేదు అంటుంది, అది పాత కంప్యూటర్‌లోని యూజర్ పేరుతో వేసిన తాళం, కొత్త కంప్యూటర్‌లో అడ్మిన్‌గా ఉంటే కంటిన్యూ కొడితే చాలాసార్లు తెరుచుకుంటుంది. దానికి పర్మిషన్ల వివరాలు మాత్రం పాత డిస్క్ మీద మారతాయి, ఆరోగ్యంగా ఉన్న డిస్క్ అయితే పర్వాలేదు. డిస్క్ మీద నమ్మకం లేకపోతే ఇక్కడ ఉబుంటు అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్ డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో నడిపి చూడండి, అది విండోస్ పర్మిషన్లు పట్టించుకోకుండా చూపిస్తుంది. ఫైళ్ళ పేర్లు ఆకుపచ్చగా కనిపిస్తే మాత్రం అవి ఎన్‌క్రిప్ట్ చేసినవి కావచ్చు, పాత కంప్యూటర్‌లో తాళంచెవిలా ఉండే సర్టిఫికెట్ ఫైలు లేకుండా తెరుచుకోవు. కాస్త కొత్త ల్యాప్‌టాప్ డిస్క్ బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్ మొత్తానికి వేసే తాళం) కీ అడిగితే, ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడండి, 48 అంకెల రికవరీ కీ అక్కడ ఉండే అవకాశం ఉంది.

ఫోల్డర్ విండో పైనున్న వ్యూలో హిడెన్ (దాచిన) ఫైళ్ళు కనిపించేలా తప్పకుండా పెట్టుకోండి. పికాసా అనే పాత గూగుల్ ఫోటోల సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎడిట్ చేసి సేవ్ చేసిన ఫోటోల అసలు కాపీలు పికాసా ఒరిజినల్స్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. ఇంకో విషయం, ఒకప్పుడు నెట్ సెంటర్ల పెన్ డ్రైవ్‌ల ద్వారా వచ్చే వైరస్ ఒకటి ఫోల్డర్లన్నీ దాచేసి అవే పేర్లతో ఈఎక్స్ఈ (.exe, అంటే ప్రోగ్రామ్) ఫైళ్ళు పెట్టేది. ఫోల్డర్ బొమ్మతోనే ఉంటుంది, టైప్ దగ్గర మాత్రం అప్లికేషన్ అని రాసి ఉంటుంది. అలాంటిది కనిపిస్తే డబుల్ క్లిక్ చేయొద్దు, ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ళని దాచు అన్న టిక్ కూడా తీసేస్తే అసలు ఫోల్డర్లు మసక రంగులో బయటపడతాయి. ఈఎక్స్ఈలు వేటినీ కాపీ చేయకండి, కాపీ చేసుకున్నవాటిని యాంటీవైరస్‌తో స్కాన్ చేశాకే తెరవండి.

షాపు లెక్కల కోసం అయితే ట్యాలీ ఫోల్డర్ మొత్తాన్ని తీసుకోండి, అందులో డాటా ఫోల్డర్ కింద అంకెల పేర్లతో ఉండేవే ఒక్కొక్క కంపెనీ. ఈమెయిల్‌కి అవుట్‌లుక్ వాడి ఉంటే పీఎస్‌టీ (.pst) అని వెతకండి, మెయిల్స్ ఉండే ఫైలు అదే. నోకియా పీసీ సూట్‌తో బ్యాకప్ తీసుకున్నవాళ్ళు ఎన్‌బీయూ (.nbu) ఫైళ్ళు వెతకండి, పాత కాంటాక్టులు, మెసేజ్‌లు అందులో ఉంటాయి, వాటిని తెరిచే ఎన్‌బీయూ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీసీడీల నుంచి కాపీ చేసిన .DAT ఫైళ్ళు, పాత ఫోన్ల 3జీపీ వీడియోలు వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడతాయి.

తెలుగు ఫైళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దొరికాక కూడా పోగొట్టుకునేవి ఇవే. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనిపించే ఇప్పటి పద్ధతి) అలవాటు కాకముందు డీటీపీ సెంటర్లలో, ప్రెస్‌లలో తెలుగుని ఎక్కువగా అను ఫాంట్లలోనో శ్రీలిపిలోనో కొట్టి పేజ్‌మేకర్ అనే పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవాళ్ళు. ఆ ఫైలు లోపల ఉండేవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు గీసిన ఫాంట్ అది. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తాతగారి కవితలు, ఊరి గుడి చరిత్ర, పెళ్ళి శుభలేఖ అన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, పాడైపోయిందని డిలీట్ చేసేస్తారు. డిలీట్ చేయకండి! పాత సి డ్రైవ్‌లో విండోస్ కింద ఉన్న ఫాంట్స్ ఫోల్డర్‌ని కూడా కాపీ చేసుకోండి, ఆ ఫైలు తయారైన సిస్టమే అయితే కావలసిన ఫాంట్ అందులోనే ఉంటుంది, అది ఇన్‌స్టాల్ చేయగానే వర్డ్ ఫైళ్ళలోని తెలుగు తిరిగి కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్ళని దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లు, సీఎస్6 వరకు తెరుస్తాయి, ఇప్పటికీ అది వాడే డీటీపీ సెంటర్‌కి ఫైలూ ఫాంటూ రెండూ పట్టుకెళ్తే పీడీఎఫ్ చేసిస్తారు. మేటర్ మాత్రమే కావాలంటే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

డిస్క్ కనిపిస్తోంది కానీ రా అంటోంది, లేదా కాపీ మాటిమాటికీ ఆగుతోంది అంటే ఫైళ్ళ మీద కుస్తీ పట్టకుండా ముందు డిస్క్ మొత్తానికి నకలు తీయండి. లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనేది ఇందుకే ఉంది. అది ముందు తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ లాగేసి, కష్టమైన చోట్లని మ్యాప్ ఫైల్‌లో రాసుకుని చివర్లో వాటి దగ్గరికి వస్తుంది, మధ్యలో ఆపినా మళ్ళీ అక్కడినుంచే మొదలుపెడుతుంది. నకలు పెట్టుకోవడానికి పాత డిస్క్ అంత ఖాళీ ఉన్న ఇంకో డిస్క్ కావాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సైజు చూసి, మోడల్ నంబర్ చూసి ఇంకోసారి సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టండి, తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫోటోల మీద పడుతుంది. తర్వాత టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లని ఆ నకలు మీదే నడపండి. పొరపాటున డిలీట్ అయినవి, క్విక్ ఫార్మాట్ అయినవి కూడా ఆ తర్వాత వాటి మీద ఏదీ రాయకపోతే వీటితో చాలావరకు తిరిగి వస్తాయి, అయితే ఫోటోరెక్ తీసినవాటికి పాత పేర్లు ఉండవు, తేదీలు చూసి సర్దుకోవాల్సిందే.

టక్ టక్‌మనే డిస్క్, కిందపడ్డ డిస్క్, నీళ్ళలో తడిసిన డిస్క్ ఇంట్లో చేసే పని కాదు. డేటా రికవరీ వాళ్ళకి ఇచ్చేముందు కొన్ని అడగండి: డిస్క్ మూత తెరవాల్సి వస్తే దుమ్ము లేని క్లీన్ రూమ్ వాళ్ళ దగ్గరే ఉందా లేక ఇంకెక్కడికైనా పంపుతారా, చూసినందుకు ఎంత, డేటా రాకపోతే ఎంత, వచ్చిన ఫైళ్ళ లిస్టు డబ్బు కట్టేముందు చూపిస్తారా. మామూలు రిపేర్ షాపులో టేబుల్ మీదే మూత విప్పి చూస్తానంటే డిస్క్ తీసుకుని వచ్చేయండి. తడిసిన డిస్క్‌ని ఆరబెట్టి ఆన్ చేసి చూడటం కూడా వద్దు, అలాగే తీసుకెళ్ళండి.

కాపీ అయిపోయాక ఫోల్డర్ సైజులు రెండువైపులా సరిపోల్చి, కొన్ని ఫోటోలు పెద్దవిగా తెరిచి, వీడియోలు మధ్యకి జరిపి చూడండి, చిన్న బొమ్మ కనిపించినంత మాత్రాన ఫైలు మొత్తం వచ్చినట్టు కాదు. ఆ తర్వాత రెండో కాపీ ఇంకో డిస్క్‌లోకో క్లౌడ్‌లోకో వెళ్ళేదాకా పాత డిస్క్‌ని తుడిచేయొద్దు. తీసేటప్పుడు టాస్క్‌బార్‌లో సేఫ్‌గా తీసే ఆప్షన్ నొక్కి, డిస్క్ తిరగడం ఆగాకే పవర్ పీకండి. ఎప్పటికైనా దాన్ని అమ్మాలన్నా, తుక్కులో వేయాలన్నా క్విక్ ఫార్మాట్ చేస్తే చాలదు, క్విక్ అన్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, విస్టా నుంచి విండోస్ అలా చేసినప్పుడు డ్రైవ్ అంతా సున్నాలు రాస్తుంది. డిస్క్‌లోని సి, డి, ఇ అన్నిటికీ విడివిడిగా చేయాలి, ఒక్కదానికి చేసి ఊరుకుంటే బ్యాంకు కాగితాలు, ఇంటి ఫోటోలు మిగతావాటిలో అలాగే ఉంటాయి.